రేడియో విమానమునకు పగ్గములు

మీ యింటిలోని రేడియో పెట్టెను గూర్చి ఒక్క క్షణము ఆలోచింపుడు. స్టూడియోలో మేము పలికిన మాట విద్యుత్తుగా మారి, ట్రాన్స్‌మిటరు చేరి, ఆకాశమార్గమున ఎన్నో కిలోమీటర్లు ప్రయాణము చేసి మీ యింటికి వచ్చును. అయినను ఆ మాట తుదకు మీ చెవిని పడునది లౌడ్‌స్పీకరులోని కాగితపు గరాటు కదలుట వలననే. ఆ కాగితము చినిగి యున్నచో, మేమెంత స్పష్టముగా మాట్లాడినను మీకు గరగర తప్ప మరేమియు వినబడదు. ఆకాశములో జరిగిన పని యెంత గొప్పదైనను దానిని పూర్తిచేయవలసినది చివరనున్న ఆ కాగితపు ముక్కయే.

రేడియోతో నడపబడు చిన్న విమానముల సంగతియు ఇట్టిదే. నేల మీద నిలుచున్న మనిషి చేతిలోని పెట్టెపై చిన్న కర్రను కదపగా, ఆ యాజ్ఞ తరంగరూపమున విమానమును చేరును. కాని విమానమును త్రిప్పునది తరంగము కాదు. దాని పొట్టలోని చిన్న యంత్రమునకును, తోకయందలి కదలెడు రెప్పకును నడుమనున్న సన్నని కడ్డీ. ఆ కడ్డీని అమర్చు పద్ధతిని గూర్చియే ఈ ప్రసంగము.

గడచిన సంక్రాంతి సెలవులలో మా అన్నగారి కుమారుడు తాను స్వయముగా కట్టిన విమానమును కోత ముగిసిన వరిచేనిలో ఎగురవేసెను. ఊరి పిల్లలు పదిమంది గట్టు మీద చేరి చూచుచుండిరి. మొదటి చుట్టు చక్కగా తిరిగినది. రెండవ చుట్టులో విమానము ముక్కు నేలవైపు వాలినది. కుర్రవాడు కర్రను వెనుకకు లాగుచునే యున్నాడు; అది వినలేదు. పిల్లలు నిలిచిన గట్టుకు నాలుగు బారల దూరమున నేలను గ్రుద్దుకొని ముక్కలైనది. పరుగెత్తి వెళ్ళి చూచితిమి. వాడు చేతిలోని కర్రను కదపగా, విరిగిన పొట్టలోని యంత్రము అటునిటు తిరుగుచునే యున్నది.

“బాబాయ్, రేడియో బాగానే పనిచేస్తోంది, చూడండి!” అని వాడు కన్నీళ్ళు దిగమ్రింగుచు అనెను.

రేడియో పనిచేయుచునే యున్నది. తోకవైపున కడ్డీ చివరనున్న కొక్కెము మాత్రము తన రంధ్రము నుండి ఊడిపోయినది. అది ఊడకుండ దానిపై తొడుగవలసిన రబ్బరు గొట్టపు ముక్క బియ్యపుగింజకన్న పెద్దది కాదు. దానిని తొడిగితివా యని అడుగవలసిన పెద్దవాడను నేను అక్కడనే యుంటిని. అడుగలేదు. నాలుగు బారల దూరము నాకు చాలదినములు నిద్రపట్టనీయలేదు. పిమ్మట మేమిద్దరము కూర్చుండి ఆ విమానమును తిరిగి కట్టుచు నేర్చుకొన్న సంగతులే ఇక్కడ చెప్పుచున్నాను.

ముందుగా విమానపు అవయవములను తెలిసికొనవలెను. రెక్కల వెనుక అంచున కుడి యెడమల నుండు రెప్పలు ఐలెరానులు. ఇవి విమానమును ప్రక్కలకు ఒరుగజేయును. తోకపై అడ్డముగా నుండునది ఎలివేటరు; ఇది ముక్కును పైకిని క్రిందికిని త్రిప్పును. నిలువుగా నుండునది రడ్డరు, అనగా చుక్కాని. ఇది ముక్కును కుడి యెడమలకు త్రిప్పును. తలుపునకు బందులున్నట్లే ప్రతి రెప్పకును చిన్న బందులుండును. రెప్పపై ఒక చిన్న కొమ్ము నిలిపి, దాని రంధ్రములో కడ్డీ చివరను తగిలింతురు. కడ్డీ రెండవ చివర సర్వో అను యంత్రపు చేతికి తగిలియుండును.

సర్వో అగ్గిపెట్టె యంత పెట్టె. అందులో ఒక చిన్న మోటారు, కొన్ని పండ్లచక్రములు, తన చేయి ఇప్పుడు ఏ స్థానమున నున్నదో తెలిసికొను ఒక సాధనము ఉండును. సాధారణ పద్ధతిలో రిసీవరు దానికి సెకనునకు సుమారు 50 సార్లు ఒక విద్యుత్ స్పందనను పంపును. ఆ స్పందన 1.5 మిల్లీసెకన్లు నిలిచినచో సర్వో చేయి నడిమికి వచ్చును. 1 మిల్లీసెకనుకు తగ్గినచో ఒక వైపునకు, 2 మిల్లీసెకన్లకు పెరిగినచో రెండవ వైపునకు తిరుగును. సెకనులో వెయ్యవ వంతును పంచుకొని చూచునంత సూక్ష్మమైన యంత్రము! ఇంత సూక్ష్మతను వదులైన ఒక్క రంధ్రము చెడగొట్టగలదు.

పూర్వము ఈ సౌఖ్యము లేదు. దూరము నుండి రేడియోతో వాహనమును నడుపవచ్చునని నికోలా టెస్లా 1898లో న్యూయార్కు నగరమున ఒక చిన్న పడవతో చూపెను. విమానముల విషయమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను అమెరికా కవల సోదరులు ప్రసిద్ధులు. మిషిగన్ రాష్ట్రమునందలి కలమజూ పట్టణమున వారు నిర్మించిన ‘గఫ్’ అను విమానము 1937లో రేడియో ఆజ్ఞలతో ఎగిరినది. 1960లో అది స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలకు చేరినది. తొలినాటి విమానములలో మెలిపెట్టిన రబ్బరు పట్టీ బలముతో తిరుగు సాధనములుండెడివి. ఆజ్ఞ రాగానే చుక్కాని పూర్తిగా ఒక వైపునకు పోవును, లేదా నడిమికి వచ్చును; కొంచెము త్రిప్పుట యనునది లేదు. నేటి సర్వో మనము కర్రను కదపినంత మేరకే కదలును. కాబట్టి నేడు కడ్డీ అమరికపై మరింత శ్రద్ధ అవసరము. కొంచెము చెప్పిన కొంచెము చేయు సేవకుని మాట మధ్యవర్తి మార్చరాదు గదా.

ఇక పని. విద్యుత్ మోటారు గల విమానమైనచో మొట్టమొదట పంకాను విప్పి ప్రక్కన పెట్టవలెను. బల్లమీద పని చేయుచుండగా మోటారు హఠాత్తుగా తిరిగిన వ్రేళ్ళు తెగును. ఈ నియమమునకు మినహాయింపు లేదు.

రెండవది, కడ్డీ తగిలింపకమునుపే రెప్పను వ్రేలితో కదపి చూడవలెను. అది ఎక్కడను పట్టుకొనక, రెండు వైపులకును సులువుగా వాలవలెను. బందులకు అంటించిన జిగురు మడతలోనికి పోయి గట్టిపడినచో రెప్ప బిగుసుకొనును. ఆ బిగువును జయించుటకై సర్వో నిరంతరము మూలుగుచు బ్యాటరీని త్రాగివేయును. కొంతకాలమునకు తానే కాలిపోవును. పెట్టె బిగించిన మరమేకులను కూడ చూడవలెను. సర్వోయే కదలుచున్నచో రెప్పను నిలువరించువారెవరు?

మూడవది, నడిమి స్థానము. ఇక్కడనే క్రొత్తవారు తొందరపడుదురు. ముందుగా ట్రాన్స్‌మిటరును, తరువాత రిసీవరును వెలిగించి, సవరణ మీటలన్నిటిని సున్న వద్ద ఉంచి, సర్వో తనంతట తాను నడిమికి వచ్చువరకు ఆగవలెను. అప్పుడు దాని చేతిని కడ్డీకి లంబముగా, అనగా గోడయు నేలయు కలిసినట్లు 90 డిగ్రీలలో నుండునట్లు తొడుగవలెను. చేయి కూర్చుండు ఇరుసుపై చిన్న పండ్లు ఉండును. కొన్ని సర్వోలకు ఇవి 25. అట్టి దానిలో ఒక్క పన్ను జరిపిన చేయి 14.4 డిగ్రీలు తిరుగును. కాబట్టి చేయి సరిగా లంబమునకు రాకపోవచ్చును. మిగిలిన కొద్ది తేడాను మాత్రమే ట్రాన్స్‌మిటరులోని సవరణతో సరిచేయవలెను. చేతిని ఇరుసుకు బిగించు నడిమి మరను మరువరాదు. చేయి దిట్టముగా కూర్చున్నట్లే కనబడుటచే ఆ మర లేని లోపము కంటికి ఆనదు.

ఇప్పుడు రెప్పను రెక్కతో సమముగా నిలిపి, కడ్డీ పొడవును దానికి సరిపోవునట్లు చేయవలెను. పొడవు తప్పిన కడ్డీని తగిలించి, ఆ తప్పును ట్రాన్స్‌మిటరు మీటలతో కప్పిపుచ్చుట మంచి పని కాదు. అట్లు చేసినచో ఒక వైపు తిరుగుటకు చోటు తగ్గును, రెండవ వైపు పెరుగును. కడ్డీ చివరనుండు చీలిక కొక్కెమును క్లెవిస్ అందురు. అది మరపై తిరుగును. 2 మిల్లీమీటర్ల మెట్రిక్ మరపై ఒక పూర్తి చుట్టు త్రిప్పిన కడ్డీ పొడవు 0.4 మిల్లీమీటరు మారును. ఇంత మెత్తని సవరణ చేతిలో నుండగా తొందర యెందులకు? అయితే మర తగినంత లోనికి పోయియుండవలెను; చివరి రెండు చుట్లపై వ్రేలాడు కొక్కెమును నమ్మరాదు.

నాలుగవది, కొమ్ము నిలుపు చోటు. కొమ్ములోని రంధ్రము బందుల వరుసకు సరిగా పైన, లేదా సరిగా క్రింద ఉండవలెను. దానికి వెనుకకు జరిగినచో రెప్ప పైకి ఒకంత, క్రిందికి మరొకంత తిరుగును. గాలిపటమునకు సూత్రము కట్టునప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినను పటము ఒక ప్రక్కకే గిరికీలు కొట్టుట మనము చిన్ననాడే చూచియున్నాము. ఇదియు అట్టిదే. ఐలెరానులు మాత్రము ఒక మినహాయింపు. వానిలో క్రిందికి వంగిన రెప్ప గాలికి ఎక్కువ అడ్డుపడి, విమానపు ముక్కును తిరుగవలసిన దిక్కునకు ఎదురుగా లాగును. అందుచేత వానిని పైకి ఎక్కువ, క్రిందికి తక్కువ తిరుగునట్లు కావలెననియే ఏర్పాటు చేయుదురు. కావలెనని చేసిన తేడా వేరు, తెలియక వచ్చిన తేడా వేరు.

ఐదవది, ఏ రంధ్రములో తగిలింపవలెనను ప్రశ్న. సర్వో చేతికిని, కొమ్మునకును వరుసగా కొన్ని రంధ్రములుండును. ఇది తూనికకోల లెక్క వంటిది. సర్వో చేతిపై ఇరుసు నుండి 10 మిల్లీమీటర్ల దూరమునను, కొమ్ముపై బందుల నుండి 20 మిల్లీమీటర్ల దూరమునను కడ్డీని తగిలించితిమనుకొందము. సర్వో 45 డిగ్రీలు తిరిగినప్పుడు రెప్ప సుమారు 21 డిగ్రీలు తిరుగును. కాని రెప్పపై పడు త్రిప్పుబలము ఇంచుమించు రెట్టింపగును. కొమ్ముపై 15 మిల్లీమీటర్ల రంధ్రమునకు మార్చినచో రెప్ప 28 డిగ్రీలు తిరుగును, బలము తగ్గును. తిరుగుడు పెరిగిన బలము తగ్గును, బలము పెరిగిన తిరుగుడు తగ్గును. రెండును ఒక్కసారి లభింపవు. క్రొత్తవానికి చేతిపై లోపలి రంధ్రము, కొమ్ముపై బయటి రంధ్రము క్షేమము.

దీనికి మరియొక లాభము కూడ ఉన్నది. కడ్డీ చివర అర మిల్లీమీటరు వదులున్నదనుకొందము. కొమ్ముపై 20 మిల్లీమీటర్ల వద్ద ఆ వదులు రెప్పను 1.4 డిగ్రీలు ఊగనిచ్చును. 10 మిల్లీమీటర్ల వద్ద అదే వదులు 2.9 డిగ్రీలగును. వదులు అనగా మన యాజ్ఞ లేకయే రెప్ప తన యిష్టము వచ్చినట్లు కదలుట. కడ్డీ బ్రేకులు గల పాత సైకిలు తొక్కినవారికి ఇది తెలియును: కీళ్ళరిగిన బ్రేకు పిడిని సగము నొక్కువరకు చక్రమునకు కబురే అందదు. విమానములో ప్రమాదము ఇంకను ఎక్కువ. వేగము హెచ్చినప్పుడు వదులైన రెప్ప గాలిలో రెపరెపలాడుట ప్రారంభించి, క్షణములలో బందులను పెరికివేయగలదు. కాబట్టి రంధ్రము తీగ లావునకు సరిగా నుండవలెను. పెద్దదైనచో ఆ కొమ్మును మార్చుటయే మేలు.

ఆరవది, కడ్డీ బిగువు. గుఱ్ఱపు పగ్గము లాగుటకే పనికివచ్చును, తోయుటకు పనికిరాదు. కొందరు చుక్కానికి ఇరువైపుల రెండు తీగలు కట్టి, ఒకటి లాగునప్పుడు రెండవది వదలునట్లు పగ్గముల పద్ధతినే అనుసరింతురు. ఒక్క కడ్డీ మాత్రము లాగను వలె, తోయను వలె. లాగునప్పుడు ఏ తీగయైనను తిన్నగా నుండును. తోయునప్పుడు సన్ననిది విల్లువలె వంగును. కొమ్ము ఎలివేటరు క్రింది వైపున ఉన్నచో, ముక్కును పైకెత్తుటకు కడ్డీ తోయవలసి వచ్చును. అనగా దూకుచున్న విమానమును రక్షించు క్షణముననే కడ్డీ పరీక్షకు నిలుచును. అది వంగినచో సర్వో పూర్తిగా తిరిగినను రెప్ప సగమే లేచును. దీనికి ఉపాయములు రెండు. తీగ లావు రెట్టింపైన వంగుటకు ఎదురునిలుచు బలము 16 రెట్లగును. ఆసరా లేని పొడవు సగమైన ఆ బలము 4 రెట్లగును. పొడవైన కడ్డీని బాల్సా కర్రతోగాని, కార్బను గొట్టముతోగాని చేసి, చివరలందు మాత్రమే తీగ నుంచుట, లేదా గొట్టములో నడుచు తీగకు నడుమ నడుమ ఆసరాలు అంటించుట ఇందులకే.

ఏడవది, మా చేనిలో మేము మరచినది. క్లెవిస్ చీలిక విచ్చుకొనకుండ దానిపై సిలికాను గొట్టపు ముక్కను తొడుగవలెను. ఇంగ్లీషు ఎల్ అక్షరమువలె వంచి తగిలించిన తీగయైనచో అది జారకుండ దానికి తగిన బిళ్ళను పెట్టవలెను. జెడ్ అక్షరమువలె రెండుసార్లు వంచిన తీగకు ఈ బెడద లేదు. అది తనంతట తాను ఊడదు. అందుచేతనే ఒక చివర జెడ్ వంపు, పొడవు సవరించుకొనుటకై రెండవ చివర క్లెవిస్ ఉంచుట వాడుక.

చివరిది దిక్కుల పరీక్ష. విమానపు తోక వెనుక నిలిచి, అది పోవువైపే చూచుచు కర్రలను కదపవలెను. కర్రను కుడికి త్రోసినప్పుడు కుడి ఐలెరాను పైకి లేచి, ఎడమది క్రిందికి వంగవలెను. కర్రను తనవైపునకు లాగినప్పుడు ఎలివేటరు పైకి లేవవలెను. చుక్కాని కర్ర కుడికైన చుక్కానియు కుడికే తిరుగవలెను. రెప్ప కదలినది చాలునని తృప్తిపడరాదు. ఏ వైపునకు కదలినదో చూడవలెను. తిరుగుబడియున్నచో ట్రాన్స్‌మిటరులో ఒక్క మీటతో సరిచేయవచ్చును. నేల మీద అది అర నిమిషపు పని. గాలిలో దానికి వ్యవధి లేదు.

ఇవన్నియు ఆటవస్తువుల ముచ్చటలని తలపరాదు. 1961 సెప్టెంబరు 17న చికాగో ఓహేర్ విమానాశ్రయము నుండి లేచిన లాక్‌హీడ్ ఎలక్ట్రా విమానము వెంటనే ఒక ప్రక్కకు ఒరిగి కూలినది. అందున్న 37 మందియు మరణించిరి. ఐలెరానులను నడుపు ఏర్పాటులో ఒక భాగమును మార్చినప్పుడు, తీగల జోడింపు విడిపోకుండ కట్టవలసిన సన్నని రక్షకపు తీగను కట్టలేదని విచారణలో తేలినది. మా చేనిలోని రబ్బరు ముక్కకును, ఆ తీగకును భేదమేమి? 2018 నవంబరు 11న పోర్చుగల్ దేశములో మరమ్మతు ముగించుకొని లేచిన ఎంబ్రేయర్ 190 విమానములో ఐలెరాను తీగలు తారుమారుగా తగిలింపబడి యుండెను. కుడికి త్రిప్పిన ఎడమకు ఒరుగుచున్న ఆ విమానములోని ఆరుగురును గాలిలో చాలసేపు పెనుగులాడి, బేజా విమానాశ్రయమున ఎట్లో క్షేమముగా దిగిరి. అంత పెద్ద విమానమునకును, అన్ని పరీక్షలు దాటినను తప్పిన ప్రశ్న ఒక్కటే: కర్ర ఎటు పోయినది, రెప్ప ఎటు పోయినది?

మన దేశమున 2021 నాటి డ్రోను నిబంధనలు, విద్యకును వినోదమునకును ఎగురవేయు మోడలు విమానములను 25 కిలోల బరువునకు లోబడి, కంటికి కనబడు మేరలోనే నడుపవలెనని చెప్పుచున్నవి. ఎగురవేయరాని చోట్ల పటమును కూడ ముందుగా చూచుకొనవలెను. ఎన్.సి.సి. వైమానిక విభాగములో చేరిన బాలబాలికలకు ఈ మోడలు విమానముల విద్యను నేర్పుదురు. ఆసక్తి గల పిల్లలున్న తల్లిదండ్రులు, ఖర్చును గూర్చి ఆలోచించునంత సేపైనను, వారు కట్టిన విమానము ప్రక్కన కూర్చుండి ఆ కడ్డీలను కదపి చూచిన బాగుండును. ఇందుకు పాండిత్యము అక్కరలేదు. అడుగు ఓపిక చాలును.

మా విమానము తిరిగి లేచినది. ఈసారి పిల్లలందరిని ఎగురవేయువాని వెనుకకు, దూరముగా నిలిపితిమి. వాడు తోక వెనుక మోకాళ్ళూని ఒక్కొక్క కొక్కెమును గోటితో లాగి చూచుచు, “ఎలివేటరు, రబ్బరు ఉంది. రడ్డరు, రబ్బరు ఉంది. కుడి ఐలెరాను, ఉంది. ఎడమది, ఉంది” అని పైకి చదివెను. నేను కాగితముపై గుర్తు పెట్టితిని. తరువాత వాడు కర్రను కుడికి త్రోసెను. కుడి రెప్ప పైకి లేచినది. అప్పుడు గాని మేము పంకాను బిగింపలేదు.